సమస్య: "తలలు మూడు గాని తనువు లేదు"

నిర్వాహకుడు: కాశ్మీరు గుళ్ల ఫొటోలు తిరగేస్తుంటే నోట్లోకి వచ్చిన పాదం ఇది. దీన్ని చివరి పాదంగా పెట్టి ఆటవెలది పూర్తిచేయాలి. 8వ శతాబ్దిలో కాశ్మీరు రాజు లలితాదిత్యుడు కట్టించిన మార్తాండ సూర్యాలయం, ఇంకా పాండ్రేఠాన్ గుడి, పాయర్ గుడి... ఎక్కడ చూసినా వాకిలి నెత్తిన కోసుగా లేచిన త్రికోణం, దాని కడుపులో మూడు రేకుల వంపు. పూరణ ఆ వంపు మీదే ఉండాలి. మూడు తలల రాక్షసుడు త్రిశిరుణ్ణి తెచ్చి చేతులు దులుపుకుంటే తీసేస్తాను.

గోదారిగాలి:

నీట నిలిచి యున్న నిండు పాండ్రేఠాను
గుడికి నలుదిశలను గుమ్మములను
తెరపి గాక రాయి తెలియదు చూడగా,
తలలు మూడు గాని తనువు లేదు!

కలంకారి: ఖాళీకే తలలు పెట్టారు, భలే! "తెరపి గాక రాయి తెలియదు" అన్న ముక్క చాలు. "నిండు" మాత్రం యతి కోసం అద్దెకు తెచ్చుకున్నట్టుంది. ఉన్నది చిన్న గుడి, అందులో నిండేమిటి?

గోదారిగాలి: నిండింది కొలను లెండి. గుడి చుట్టూ నీళ్లే కదా.

కలంకారి: అయితే ఆ మాట కొలను పక్కన ఉండాలి. గుడి పక్కన కూర్చుంది.

పాతపెంకు: గోదారిగాలి గారు నీళ్లలో దిగారు కాబట్టి నేను ఎండలోకి పోతాను. మార్తాండం:

ముక్కలైన గుడికి ముందరి వాకిలి
భానుడరుగుదెంచు బాట యయ్యె,
చొచ్చి పోవు గాలి చుట్టరికము దప్ప
తలలు మూడు గాని తనువు లేదు!

నేలటిక్కెట్టు: మాస్టారూ, "గాలి చుట్టరికము" దగ్గర ఆగిపోయాను. పైకప్పు పోయి, విగ్రహం పోయి, 84 స్తంభాల చుట్టుమండపంలో చాలావరకు కూలిపోయి, చివరికి పలకరించేది గాలి ఒక్కటే. ఇక నేను రాయడం ఎందుకు?

గోదారిగాలి: చుట్టరికం సంగతి సరే. మార్తాండం పడమటి ముఖం గుడి. ఆ వాకిట్లోంచి వచ్చేది దిగిపోయే సూర్యుడు. కుంగిపోయేవాణ్ణి "అరుగుదెంచు" అని స్వాగతం పలుకుతారా?

పాతపెంకు: అది ఆయన ఇల్లండీ. పగలంతా ఊళ్లు తిరిగి సాయంత్రం ఇంటికి వస్తాడు. ఇంటికి రావడాన్ని ఏమంటారు మీ ఊళ్లో?

గోదారిగాలి: సమర్థించుకోవడంలో మిమ్మల్ని మించినవారు లేరు. మొన్నటి దత్తపదిలో (ఇచ్చిన మాటలు ఇమిడ్చి పద్యం రాయడంలో) ఓరుగల్లు తోరణానికి "ధనువులాంటి వంపు" అంటగట్టినప్పుడూ ఇదే వరస. నిలువు స్తంభాలు, అడ్డదూలం. అక్కడ ధనువెక్కడుంది?

పాతపెంకు: దూలం కింద ఆనించిన రాళ్లు వంపు తిరిగే ఉంటాయి, వెళ్లి చూడండి. పైగా ఆ పద్యానికి మొదట "వహ్వా" కొట్టింది మీరే. ఆ చర్చ దారం ఇంకా ఉంది.

నిర్వాహకుడు: ఓరుగల్లు పంచాయితీ అక్కడే పెట్టుకోండి. ఆమాటకొస్తే కాశ్మీరు వంపు కూడా నడుమ బిగింపురాయి పెట్టి కట్టిన కమాను కాదు. రాళ్లను ఒకదానిమీదొకటి కొంచెం కొంచెం ముందుకు జరిపి పేర్చి, అంచులు తొలిచి రేకులు తీశారు. ఈ సంగతి ఇంతవరకు ఎవరి పద్యంలోనూ రాలేదు. నేలటిక్కెట్టు గారూ, రాయనంటే ఊరుకోం.

నేలటిక్కెట్టు: సరే, తిట్టుకోండి.

మధ్య నొకటి పెద్ద మలుపు, చెరొక వైపు
రాతిమీద జెక్కు రేకు వంపు,
దేవుడేడి లోన? దివ్వె యేదనుకోకు,
తలలు మూడు గాని తనువు లేదు!

గోదారిగాలి: రెండో పాదం. "రా"కి "రే" యతి ఎలా కుదిరింది బాబూ?

కలంకారి: "రమ్యవంపు" అంటే సరిపోతుంది.

పాతపెంకు: యతి కుదిరింది గాని సంస్కృతం "రమ్య"కు తెలుగు "వంపు" అతికి వైరిసమాసం పడింది. దొంగను తోలి దొరను తెచ్చినట్టుంది. "రవిక వంపు" అనండి, అచ్చతెనుగు.

నేలటిక్కెట్టు: గుడి గుమ్మానికి రవిక తొడిగితే మా ఆవిడ నన్ను గుమ్మంలోకి రానివ్వదు. "రమణవంపు"... వద్దులెండి, అదీ ఆ గూటి పక్షే. రాత్రికి మారుస్తాను.

నిర్వాహకుడు: మొదటి పాదానికి మార్కులు వేశాను. ఆకారాన్ని సూటిగా చెప్పింది ఈయనొక్కడే. మిగతావాళ్లు భావంలో పడి మలుపులు లెక్కపెట్టడం మరిచారు.

కలంకారి: అసలు సమస్యలోనే తిరకాసు ఉంది. పాయర్ గుడి వాకిళ్ల మీది ఆ మూడు రేకుల నడుమ బొమ్మలు చెక్కారు. ఒకచోట శివుడు నాట్యమాడుతుంటాడు. తనువు లేదంటే ఒప్పుకోవడం ఎలా?

పాయరు గుడిమీద పదమెత్తి యాడగా
మూడు కన్నులయ్య, ముందు నిలిచి
కళ్లు లేనివాడు కాబోలు ననె నిట్లు:
"తలలు మూడు గాని తనువు లేదు!"

పాతపెంకు: నిర్వాహకుల వారికే తగిలించారు! మూడు కళ్లవాడి ఎదుట కళ్లు లేనివాణ్ణి నిలబెట్టడం ఈ దారంలోకల్లా గట్టి దెబ్బ.

గోదారిగాలి: దెబ్బ సరే, "ముందు నిలిచి" ఎవరికి? శివుడికా, గుడ్డివాడికా? అన్వయం ఊగుతోంది.

కలంకారి: కామా పెట్టాను, చూడండి.

గోదారిగాలి: పద్యం చదివేటప్పుడు కామా వినపడదు.

నిర్వాహకుడు: నాకు ఈ పాదం తట్టించిన ఫొటో మార్తాండానిది, పాయర్‌ది కాదు. కాబట్టి నా కళ్లు బాగానే ఉన్నాయి. అయినా ఈసారి మొదటి తాంబూలం కలంకారి గారికే. గోదారిగాలి గారు అభ్యంతరం రాసి పెట్టుకోవచ్చు.

గోదారిగాలి: రాశాను. అదీ ఆటవెలదిలోనే, రేపు పెడతాను.