పండిన నాదమా, మాగిన నాదమా?

చార్ల్స్ లాయిడ్ అని అమెరికన్ జాజ్ విద్వాంసుడు. 1938లో మెంఫిస్‌లో పుట్టారు, వాయించేది టెనర్ సాక్సఫోన్. 1966లో మాంటెరే జాజ్ ఉత్సవంలో ఆయన వాయించిన 'ఫారెస్ట్ ఫ్లవర్', 2024లో 86వ పుట్టినరోజున వచ్చిన ఆల్బమ్, రెండూ వెంటవెంటనే విన్నాను. అప్పట్లో స్వరాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేవి. ఇప్పుడు ఒక్క స్వరం పట్టుకుంటే దాని చివర ఊపిరి కూడా వినపడుతుంది. దీన్ని తెలుగులో ఏమనాలి? 'ముసలి గొంతు' అంటే తిట్టులా ఉంది. 'పరిపక్వ నాదం' అంటే సన్మానపత్రం గుర్తొస్తోంది.

— 'పండిన నాదం' అనండి. తల పండుతుంది, గోరింటాకు పండుతుంది, సినిమాలో సీను పండుతుంది. టోన్‌కి 'నాదం' సరిపోతుంది. 'స్వరం' అంటే సరిగమల్లో ఒకటనుకుంటారు. పాడేవాళ్లకైతే 'శారీరం' అనే పాత మాట ఉంది గానీ, ఇత్తడి గొట్టానికి శారీరమేంటని నవ్వుతారు.

— బాగుందండీ. కానీ చెట్టున పండటం వేరు కదా. లాయిడ్ మంచి పేరున్నప్పుడే, 1970ల్లో, కాలిఫోర్నియా తీరాన బిగ్ సర్‌కి వెళ్లిపోయి ఏళ్ల తరబడి కచేరీలకు దాదాపు దూరంగా ఉన్నారు. 1980ల మొదట్లో మిషెల్ పెత్రుచియాని అనే కుర్ర పియానిస్టు ఆయన దగ్గరికి వెళ్లాకే మళ్లీ వేదికలెక్కారు. గడ్డిలో పెట్టి మాగేసిన మామిడికాయ లెక్క అది. అందుకే 'మాగిన నాదం' అనాలనిపిస్తోంది.

— మావైపు 'మగ్గబెట్టడం' అంటాం. ఏదైనా, బాగా మాగిందంటే కుళ్లడానికి ముందు మెట్టే కదండీ?

— ఆ భయం నాకూ ఉంది. అయితే 2004లో శాంటా బార్బరాలో జాకిర్ హుస్సేన్‌తో చేసిన కచేరీ వినండి, 'సంగం' పేరుతో వచ్చింది. తబలా పరుగు మీదున్నా ఈయన కొన్నిచోట్ల ఒకే స్వరం మీద నిలబడిపోతారు. పైన మెత్తగానే ఉంటుంది, లోపల టెంక గట్టిగా తగులుతుంది.

— సరే, ఒప్పుకున్నాను. మరి మనిషికో? 'మాగిన మనిషి' అంటే కొడతారు.

— మనిషికి 'వయసు నప్పింది' చాలండీ. చొక్కా నప్పినట్టే. లాయిడ్ ఇప్పటి ఫొటోలు చూడండి, ఆ టోపీతో సహా.