పాత ఫోర్ బై ఫోర్ పికప్‌లో మూడు రకాల చప్పుళ్లు: క్రౌన్ విప్పించే ముందు మీ మాట కావాలి

పాతబండి_97:

అందరికీ నమస్కారం. నాది 1997 మోడల్ డీజిల్ పికప్, 3,10,000 కిలోమీటర్లు తిరిగింది. ఐదు గేర్ల మాన్యువల్, ట్రాన్స్‌ఫర్ కేస్‌కి (ముందు చక్రాలకీ శక్తి పంచే పెట్టె) పక్కన వేరే లివర్, ముందు చక్రాలకి చేత్తో తిప్పే లాకింగ్ హబ్‌లు (చక్రాన్ని దాని షాఫ్ట్‌తో కలిపేవి, విడదీసేవి), వెనక కమాన్ కట్టలు. నా చేతికొచ్చి ఆరేళ్లు. ఇంజన్‌కి వంక పెట్టడానికి లేదు. గోలంతా దాని వెనకనుంచే.

ఆగి ఉన్న బండిని కదిలిస్తే కింద 'టంగ్' మని ఒక్క దెబ్బ. రివర్స్ నుంచి మొదటి గేరుకి వచ్చినప్పుడూ అంతే. ఇది ఏడాదిగా ఉంది, అలవాటైపోయింది. రెండు నెలలుగా నెమ్మదిగా పోతుంటే కిచకిచ, అచ్చం చూరులో పిచ్చుక పెట్టుకున్నట్టు. 30 దాటితే వినపడదు, లేక ఇంజన్ మోతలో మునిగిపోతుందో. మూడోదే నన్ను టెన్షన్ పెడుతోంది. 50 దగ్గర మొదలై 70 కి బాగా పెరిగే 'వూఁ...' అనే ఏడుపు. నా వీపు వెనకనుంచే వస్తోందని నా చెవి చెబుతోంది.

ఒకాయన మాట విని వెనక కుడి చక్రం బేరింగ్ మార్పించాను. కొత్త బేరింగ్, పాత చప్పుడు. ఇంకో మెకానిక్ రెండు నిమిషాలు తోలి 'వెనక క్రౌన్ పోయింది, దించాల్సిందే' అంటున్నాడు. క్రౌన్ అంటే యాక్సిల్ మధ్యలో ఉండి చక్రాల్ని తిప్పే పెద్ద గేరు. దించితే ఎంత పనో మీకు తెలుసు. నిజంగా క్రౌనేనా? ఇంట్లోనే తేల్చుకునే దారి ఏమైనా ఉందా?

గేర్‌బాక్స్_వీరుడు:

అన్నా, ఇంత ఆలోచన ఎందుకు? క్రౌన్‌లో ఇంకా చిక్కటి ఆయిల్ పోయించు. నా బండికి అలాగే చేశా, చప్పుడు సగం తగ్గింది.

గ్రీజుచేతులు:

వీరుడుగారూ, తగ్గింది చప్పుడు, అరుగుదల కాదు. చిక్కటి నూనె బేరింగ్ నోరు కొన్నాళ్లు మూయిస్తుంది, అంతే. అమ్మేసే బండికి పనికొస్తుందేమో, ఉంచుకునే బండికి వద్దు.

పాతబండిగారూ, మూడింటినీ ఒకే జబ్బు అనుకోకండి. ఒక్కో చప్పుడు దేనితో మారుతోందో చూడండి. ఇంజన్ వేగంతోనా, బండి వేగంతోనా, యాక్సిలరేటర్ నొక్కితేనా, స్టీరింగ్ తిప్పితేనా? ఎక్కణ్నుంచి వస్తోందన్నది మాత్రం మీ చెవిని అడగొద్దు. ఛాసిస్ తంబురా లాంటిది, ఒక చివర మీటితే ఇంకో చివర మోగుతుంది. చక్రం బేరింగ్ మీద చేతులు కాల్చుకున్నది అందుకే.

కిచకిచతో మొదలుపెట్టండి, అది తేలిక. ఇలాంటి బండ్లలో క్రౌన్ రేషియో 4 చుట్టుపక్కల ఉంటుంది. అంటే చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు ప్రొపెల్లర్ షాఫ్ట్ (క్రౌన్‌ని తిప్పే పొడవాటి షాఫ్ట్) నాలుగు చుట్లు తిరుగుతుంది. వెనక టైరు మీద చాక్‌పీసుతో గీత గీసి, ఖాళీ స్థలంలో నడక వేగంతో తోలండి. పక్కన ఒకరు కాస్త ఎడంగా నడుస్తూ కూతలు లెక్కపెట్టాలి. గీత ఒకసారి చుట్టి వచ్చేలోపు ఒక్క కూత వస్తే చక్రమో బ్రేక్ డ్రమ్మో. నాలుగో ఎనిమిదో వస్తే షాఫ్ట్ క్రాస్‌లు, అంటే షాఫ్ట్ చివర్లలో అది వంగి తిరగనిచ్చే కీళ్లు. గ్రీజు ఎండిపోయిన క్రాస్ ఇలాగే కూస్తుంది. క్రాస్ నాలుగు కొమ్మలకీ తొడిగిన కప్పుల అంచున ఎర్రటి తుప్పు పొడి ఉందా చూడండి. లోపల సూది రోలర్లు అరిగిపోతే వచ్చే పొడి అది.

'టంగ్' కి ఇంజన్ ఆపి, చక్రాలకి ముందూ వెనకా చెక్కలు బిగించి, న్యూట్రల్‌లో పెట్టి కిందికి దూరండి. క్రాస్‌కి ఇటు ఒక చెయ్యి, అటు ఒక చెయ్యి వేసి ఎదురెదురుగా మెలిపెట్టండి. చేతికి తెలిసేంత ప్లే (వదులు) ఉంటే ఆ క్రాస్ పని అయిపోయినట్టే. తర్వాత స్లిప్ జాయింట్‌ని (షాఫ్ట్ పొడవు పెరిగి తగ్గేలా జారే చోటు) పైకీ కిందికీ ఊపండి. షాఫ్ట్‌ని మధ్యలో మోసే సెంటర్ బేరింగ్ రబ్బరు చిరిగిందేమో, కమాన్ యూ బోల్టులు వదులయ్యాయేమో కూడా చూడండి, అవి వదులైనా ఇదే దెబ్బ వినపడుతుంది. షాఫ్ట్ మొత్తం పట్టుకుని తిప్పితే మాత్రం కాస్త కదులుతుంది. క్రౌన్ పళ్ల మధ్య ఉండాల్సిన సందు అది, దాన్ని చూసి కంగారుపడకండి.

ఇక ఏడుపు. ఖాళీ రోడ్డు మీద 70 లో యాక్సిలరేటర్ నొక్కి వినండి, వదిలి వినండి, తర్వాత క్లచ్ నొక్కి న్యూట్రల్‌లో దొర్లించి వినండి. క్రౌన్ పళ్లు అరిగితే లాగేటప్పుడు ఒక గొంతు, వదిలినప్పుడు ఇంకో గొంతు ఉంటుంది. ఏం చేసినా ఒకే గొంతు అయితే ఇంజన్ లాగుడుతో సంబంధం లేని బేరింగో, టైరో. రోడ్డు నున్నబడితే మారేది టైరు. స్టీరింగ్ కొద్దిగా ఎడమకి తిప్పితే పెరిగేది కుడి చక్రం బేరింగ్, ఎందుకంటే బరువు ఆ పక్కకి ఒరుగుతుంది.

మట్టిదారి:

పైవాటికి ఇంకో పరీక్ష కలపండి. ట్రాన్స్‌ఫర్ లివర్ టూ-హైలోనే (వెనక చక్రాలకే శక్తి) ఉంచి, ఒకసారి హబ్‌లు రెండూ ఫ్రీలో, ఒకసారి రెండూ లాక్‌లో పెట్టి తోలండి. ఫ్రీలో ఉంటే ముందు యాక్సిల్ షాఫ్టులు, డిఫరెన్షియల్ (రెండు పక్కలా చక్రాలు వేరే వేగాల్లో తిరగనిచ్చే గేర్లు), ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరగవు. లాక్ చేస్తే ఊరికే తిరుగుతాయి, బండికి నష్టమేం లేదు. చప్పుడు మారితే దోషం ముందువైపు.

ఫోర్-హై (నాలుగు చక్రాలకీ శక్తి) మాత్రం పొడి తారు మీద వేయొద్దు. ముందూ వెనకా వేగాల తేడాని సర్దే సెంటర్ డిఫరెన్షియల్ ఈ బండ్లకి ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, తిరగలేక మొత్తం బిగుసుకుంటుంది, లివర్ కూడా వెనక్కి రాదు. అలా ఇరుక్కుంటే నాలుగు గజాలు రివర్స్ పోండి, వదులుతుంది.

పాతబండి_97:

ఆదివారం పొద్దున్నంతా ఇదే పని. చాక్‌పీసు గీత పక్కన మా అమ్మాయి నడిచింది. మూడుసార్లు లెక్కపెట్టింది, మూడుసార్లూ నాలుగే. కింద దూరి చూస్తే వెనక చివరి క్రాస్‌కి రెండు కప్పుల దగ్గర ఎర్ర పొడి. గ్రీజు గన్ పెడితే రెండు కప్పుల నుంచి గ్రీజు బయటికొచ్చింది, తక్కిన రెండింటి నుంచి రాలేదు. ఇన్నాళ్లూ గ్రీజు కొడుతున్నాననే అనుకున్నాను.

ఆ క్రాస్‌లో ప్లే ఉంది. స్లిప్ జాయింట్‌లో కూడా కొంచెం. అంటే రెండు చప్పుళ్లకి జవాబు దొరికినట్టే.

ఏడుపు మాత్రం నొక్కినా, వదిలినా, న్యూట్రల్‌లో దొర్లినా అదే గొంతు. స్టీరింగ్‌తో మారలేదు, రోడ్డుతో మారలేదు. హబ్‌లు ఫ్రీలో, లాక్‌లో రెండు విధాలా తోలాను, తేడా లేదు. కాబట్టి ముందువైపు కాదని తేలింది. ఇక వెనక క్రౌన్ బేరింగేనా?

మట్టిదారి:

తేలలేదు. తేడా బొత్తిగా లేకపోవడమే నాకు అనుమానం. మంచి బండిలో కూడా హబ్ లాక్ చేస్తే ముందునుంచి సన్నటి మోత కాస్త పెరగాలి. మీ హబ్ డయల్ ఫ్రీ అంటోంది సరే, లోపల విడిందా? ముందు ఒక్కో చక్రం ఎత్తి, స్టాండ్ పెట్టి (ఒక్క జాకీని నమ్మొద్దు), చేత్తో తిప్పి చూడండి. లోపలి షాఫ్ట్ కదలకూడదు.

పాతబండి_97:

ఎడమ చక్రం తిప్పాను, షాఫ్ట్ కదల్లేదు. కుడి చక్రం తిప్పాను, షాఫ్ట్ చక్రంతోపాటే తిరిగింది! డయల్ మాత్రం చక్కగా ఫ్రీ మీద ఉంది. చక్రం ముందుకి తిప్పుతుంటే అవతల ఎడమ షాఫ్ట్ వెనక్కి తిరుగుతోంది. మొదట నా కళ్లే మోసం చేశాయనుకున్నాను.

గ్రీజుచేతులు:

మోసం కాదు. డిఫరెన్షియల్ చేసే పనే అది. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కదలకుండా ఉంటే ఒక పక్క ముందుకి, రెండో పక్క వెనక్కి. మీరు టూ-హైలో తిరిగినన్నాళ్లూ లోపలి చిన్న గేర్లు గిరగిరా తిరుగుతూనే ఉన్నాయి. పనిలో లేనప్పుడు విశ్రాంతి తీసుకోవాల్సిన సరుకు అది. ముందు డిఫరెన్షియల్ ఆయిల్ చూడండి. నింపే బోల్టు ముందు విప్పండి, తర్వాతే కింది బోల్టు. కిందిది విప్పాక పైది రాకపోతే బండి అక్కడే కూర్చుంటుంది.

పాతబండి_97:

ఆయిల్ బూడిదరంగు పాలలా వచ్చింది, అదీ సగమే. అయస్కాంతం బోల్టుకి మెత్తటి నలుపు ముద్దతోపాటు రెండు మూడు మెరిసే రేకులు. కుడి షాఫ్ట్ దిగే చోటి బేరింగ్ చేత్తో తిప్పితేనే గరుకుగా ఉంది. హబ్ విప్పితే లోపల గ్రీజు గట్టిపడి తారులా అయ్యింది, జరగాల్సిన రింగు అందులో ఇరుక్కుంది. కడిగి, పలచగా గ్రీజు రాసి బిగించాను. ఇప్పుడు 'టక్' మని విడుతోంది.

70 లో తోలి చూశాను. ఏడుపు లేదు. ముందు బేరింగ్, సీలు వచ్చేదాకా హబ్‌లు ఫ్రీలోనే ఉంచి తిరుగుతాను. వెనక క్రౌన్ ఆయిల్ కూడా తీసి చూశాను, శుభ్రంగా ఉంది. క్రాస్ రేపు మారుస్తాను.

గ్రీజుచేతులు:

మెత్తటి ముద్ద మామూలే, రేకులే బేరింగ్‌వి. క్రాస్ మార్చడానికి షాఫ్ట్ దించే ముందు ఫ్లాంజ్‌ల (బోల్టులతో బిగించే పలకల) మీద, స్లిప్ జాయింట్‌కి రెండు వైపులా పెయింట్ గీతలు పెట్టండి. కోణంలో తిరిగే క్రాస్ సమంగా తిప్పదు, ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెంచి రెండుసార్లు తగ్గిస్తుంది. షాఫ్ట్ అవతలి చివర క్రాస్ ఆ తేడాని సరిచేస్తుంది. స్లిప్ జాయింట్ ఒక్క పన్ను తప్పి కూర్చున్నా ఆ లెక్క చెడి, కొత్త క్రాస్‌తో కొత్త వణుకు మొదలవుతుంది. నేను ఒకసారి గీతలు పెట్టకుండా దించి రెండు రోజులు పోగొట్టుకున్నాను.

ముందు డిఫరెన్షియల్‌కి జీఎల్-5 రకం గేర్ ఆయిల్ పోయండి. మిగిలింది కదా అని గేర్‌బాక్స్‌లో పోయకండి. బండితో వచ్చిన పుస్తకంలో గేర్‌బాక్స్‌కి జీఎల్-4 అని ఉంటే జీఎల్-4 ఏ. జీఎల్-5 లో కలిపే కొన్ని మందులు గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులకి పడవు.

మట్టిదారి:

ఆయిల్ పాలలా వచ్చిందంటే అందులో నీళ్లు కలిశాయి. ఆ నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయో చూడకుండా కొత్త ఆయిల్ పోయకండి. డిఫరెన్షియల్ మీద బ్రీదర్ (లోపలి గాలి వచ్చిపోయే గొట్టం) ఉంటుంది. అది మూసుకుపోతే, వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చుకుంటుంది. గొట్టం తెగి ఉంటే నేరుగా అందులోంచే.

పాతబండి_97:

ఇప్పుడే చూసి వచ్చాను. గొట్టం తెగింది, తెగిన మొనలో ఎండిన బురద. కొత్త గొట్టం వేసి ఇంజన్ పక్కన ఎత్తుగా కడుతున్నాను.