గాలిగొట్టాలకు వేడి పెట్టే మెషీన్: తాళం మెషీన్ దగ్గరుండాలా, డాక్టరు దగ్గరుండాలా?

పిల్లికూతలు:
నాకు ముప్పై ఏళ్లుగా ఉబ్బసం. కొన్నేళ్ల కిందట బ్రాంకియల్ థర్మోప్లాస్టీ చేయించుకున్నాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. బ్రాంకోస్కోపు, అంటే ఊపిరితిత్తుల్లోకి చూసే కెమెరా గొట్టం, దాని గుండా క్యాథెటర్ అనే సన్నటి గొట్టం పంపిస్తారు. క్యాథెటర్ కొసన నాలుగు తీగలు చిన్న బుట్టలా విచ్చుకుని గాలిగొట్టం గోడకు తగులుతాయి. రేడియో ఫ్రీక్వెన్సీ కరెంటుతో 65 డిగ్రీల వేడి, ఒక్కో చోట 10 సెకన్లు. గొట్టం చుట్టూ బలిసిన కండ తగ్గుతుంది, అటాక్ వచ్చినప్పుడు అంతగా బిగుసుకోదు. మూడు వారాల ఎడంతో మూడు సిట్టింగ్‌లు. అలెయిర్ అనే ఈ పరికరానికి అమెరికాలో మందులకీ పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2010 ఏప్రిల్‌లో అనుమతి ఇచ్చింది.

మొదటి సిట్టింగ్‌లో నేను సగం మత్తులో ఉన్నాను. మెషీన్ అప్పుడప్పుడూ వేరే రకంగా కూసి ఆగిపోయేది. డాక్టరు గారు "సరిగా ఆనలేదు, మళ్లీ పెడదాం" అనేవారు. తర్వాత అడిగితే, "తీగలు గోడకు తగలకపోతే అదే ఆపేస్తుందయ్యా. వేడి, టైము మార్చుదామన్నా నాకు బటన్ లేదు" అన్నారు. నాకైతే ధైర్యం వచ్చింది. మొన్న పండక్కి మా బావమరిది, ఆయన సర్జన్ లెండి, "పాతికేళ్లుగా చేస్తున్నవాడి చేతులు మెషీన్ కట్టేయడమేంటి?" అని గంటసేపు వాదించాడు. మీరేమంటారు?

ఛాతీ డాక్టరు:
మీ బావమరిది మాటలో సగం నిజం ఉంది. థర్మోప్లాస్టీలో అందరికీ ఒకటే కొలత, కాబట్టి తాళం, అంటే డాక్టరు మార్చలేని హద్దు, సరిపోతుంది. ఊపిరితిత్తిలో గడ్డని సూదితో కాల్చే పద్ధతి చూడండి. సీటీలో చూస్తూ పక్కటెముకల మధ్య నుంచి సూది దింపుతాం. గడ్డ చుట్టూ ఉన్నదంతా గాలి నిండిన కణజాలం. దానిలోంచి కరెంటూ సరిగా పోదు, వేడీ పోదు. పక్కనే పెద్ద రక్తనాళం ఉంటే వచ్చిన వేడిని రక్తం మోసుకుపోతుంది. ఒకే సైజు గడ్డలు రెండున్నా, రెండింటికీ ఒకే లెక్క నడవదు. మెషీన్ ఒక్క అంకె పట్టుకుని కూర్చుంటే గడ్డ అంచు కాలకుండా మిగులుతుంది. ఆ మిగిలిందే మళ్లీ పెరుగుతుంది. అక్కడ నిర్ణయం డాక్టరుదే కావాలి.

ఇంకో సంగతి. తాళం ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. థర్మోప్లాస్టీ మీద 2010లో వచ్చిన ఎయిర్-2 పరీక్షలో 288 మంది ఉన్నారు. కొందరికి నిజంగా వేడి పెట్టారు. మిగతావాళ్లకి గొట్టం వేసి, మెషీన్ కూతలు వినిపించి, కరెంటు మాత్రం ఇవ్వలేదు. చికిత్స నడిచిన వారాల్లో శ్వాస సమస్యలతో ఆసుపత్రిలో చేరినవాళ్లు వేడి పెట్టినవాళ్లలో 8.4 శాతం, ఉత్తుత్తి చికిత్సవాళ్లలో 2 శాతం. మెషీన్ చెప్పిన హద్దులోనే వేడి ఇచ్చింది. అయినా కాలిన గొట్టం వాస్తుంది, ఉబ్బసం రేగుతుంది. తర్వాతి ఏడాదిలో అటాక్‌లు తగ్గిన మాట నిజమే, కానీ ఆ మొదటి వారాలు దాటించేది స్టెరాయిడ్లూ, మనుషుల కాపలానే.

వైజాగ్ బయోమెడ్:
డాక్టరు గారూ, ఆ సూది సంగతి ఒప్పుకుంటాను. కానీ "డాక్టరు తలుచుకుంటే దాటేయొచ్చు" అనే బటన్ చివరికి ఏమవుతుందో చెప్తాను. ఇది ఊపిరితిత్తుల కథ కాదు, తాళాల కథ.

థెరాక్-25 అని కెనడాలో తయారైన రేడియేషన్ మెషీన్. పాత మోడళ్లలో ప్రమాదం జరగకుండా ఇనుప తాళాలు, అంటే విడి హార్డ్‌వేర్ సర్క్యూట్లు ఉండేవి. ఇందులో వాటిని తీసేసి అంతా సాఫ్ట్‌వేర్‌కి అప్పగించారు. 1985 నుంచి 1987 లోపు ఆరుగురికి విపరీతమైన మోతాదు పడింది, కొందరు చనిపోయారు. దాని స్క్రీన్ మీద "మాల్‌ఫంక్షన్" అని ఒక నంబరు మాత్రమే వచ్చేది, అర్థం ఏమిటో ఉండేది కాదు. పీ అక్షరం నొక్కితే మళ్లీ మొదలు. అలా ఐదుసార్ల దాకా నొక్కొచ్చు. ఏమీ లేకపోయినా రోజూ ఎన్నోసార్లు ఆగే మెషీన్ కాబట్టి, ఆపరేటర్లకి పీ నొక్కడం అలవాటైపోయింది. వాళ్లని తప్పుపట్టలేం. ఊరికే అరిచే అలారాన్ని మనమైనా పట్టించుకుంటామా?

అందుకే నా లెక్క ఇది. పై హద్దు ఎవరూ దాటలేనిదిగా, సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేకుండా కట్టాలి. ఆ హద్దు లోపల డాక్టరు ఎంతైనా మార్చుకోవచ్చు, కానీ మార్చిన ప్రతిసారీ టైముతో సహా లాగ్‌లో పడాలి. ఆగినప్పుడు నంబరు కాదు, "మూడో తీగ తగల్లేదు" అని మాటల్లో చెప్పాలి.

మత్తు డాక్టరు:
మీరంతా వేడి ఇచ్చే పెట్టె గురించే మాట్లాడుతున్నారు. నా భయం పక్క పెట్టె.

గాలిగొట్టంలో లేజరో, కాటరీయో (కరెంటుతో కాల్చే పరికరం) వాడేటప్పుడు ఆక్సిజన్ 40 శాతం లోపు ఉండాలి. లేకపోతే రోగి గొంతులోనే మంట లేస్తుంది, ప్లాస్టిక్ ట్యూబు కొవ్వొత్తిలా అంటుకుంటుంది. ఆక్సిజన్ తగ్గించేది నా మెషీన్, నిప్పు పెట్టేది వాళ్ల మెషీన్. నేను పనిచేసిన చోట్ల ఈ రెంటికీ మధ్య వైరు లేదు, మాట లేదు. ఉన్నదల్లా మా నోళ్లే. "ఆక్సిజన్ తగ్గిందా?" "ఇంకా 55. ఆగండి." డయల్ తిప్పగానే లోపల తగ్గిపోదు, కాస్త టైము పడుతుంది. ఈలోగా రోగి శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 86కి పడితే మళ్లీ పెంచాలి, పెంచానని అరవాలి. ఒకసారి నేను అరిచింది మ్యూజిక్ హోరులో వినపడలేదు. అదృష్టం, కాల్చే డాక్టరు ఇంకా పెడల్ తొక్కలేదు. అప్పటి నుంచి నేనున్న థియేటర్‌లో పాటలు బంద్.

రెండు మెషీన్లకీ కలిపి తాళం వేయమనే అంటాను. నలభై దాటితే పెడల్ పనిచేయకూడదు.

ఛాతీ డాక్టరు:
అలా వేస్తే, రక్తం కారుతున్నప్పుడు, శాచురేషన్ పడిపోతున్నప్పుడు, నాకు కాటరీ రాదు కదా!

మత్తు డాక్టరు:
రాదు. అప్పుడు మీరు చల్లటి సెలైన్ కొట్టండి, బెలూన్‌తో అదమండి. 60 శాతం ఆక్సిజన్‌లో నిప్పురవ్వ కంటే అదే నయం. ఇందులో నేను తగ్గను.

ఓటీ అక్క:
నేను థర్మోప్లాస్టీ కేసుల్లో రెండేళ్లు నిలబడ్డాను. మెషీన్ ఎన్నిసార్లు వేడి ఇచ్చిందో లెక్కపెడుతుంది. ఎక్కడ ఇచ్చిందో దానికి తెలీదు. అది చూసింది నా పెన్సిలే. తలకిందులు చేసిన చెట్టులా గాలిగొట్టాల బొమ్మ ఉన్న కాగితం నా చేతిలో ఉండేది. సార్ లోపలి కొమ్మ నుంచి మొదలుపెట్టి, తీగ నిడివి అంతే, 5 మిల్లీమీటర్లు వెనక్కి లాగుతూ వస్తారు. ఒక్కోసారికి నేనొక టిక్కు పెడతాను. వేడి తగిలిన చోటే మళ్లీ పెట్టకూడదు, మధ్యలో ఖాళీ వదలకూడదు. దగ్గు వచ్చి క్యాథెటర్ కదిలిందంటే, "సిస్టర్, ఎక్కడున్నాం?" అని నన్నే అడుగుతారు. కుడి ఊపిరితిత్తి మధ్య భాగం జోలికి అసలు వెళ్లం, ఆ కొమ్మని ముందే అడ్డంగా కొట్టేసేదాన్ని.

కాబట్టి తాళం ఎవరి దగ్గరున్నా, సగం భద్రత ఆ కాగితం మీదుంది. దాని గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు చూడండి.

వైజాగ్ బయోమెడ్:
అక్కా, దండం. మెషీన్ ఏది కొలుస్తుందో దానికే తాళం వేయగలదు. ఎక్కడుందో కొలవదు కాబట్టి అక్కడ తాళమూ లేదు. ఇంత చిన్న విషయం నా పోస్టులో తప్పిపోయింది.

ఇంకొకటి, మెషీన్ ఊరికే ఆగిపోయినా, ఆగాల్సిన చోట ఆగకపోయినా రిపోర్టు చేయండి. ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ (మందుల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) 2015 నుంచి మెటీరియోవిజిలెన్స్ అనే కార్యక్రమం నడుపుతోంది, పరికరాల ఫిర్యాదుల కోసమే. "రీస్టార్ట్ చేస్తే పోయిందిలే" అని వదిలేస్తే తయారుచేసినవాడికి ఎప్పటికీ తెలియదు.

పిల్లికూతలు:
ఇప్పుడే బీరువాలోంచి నా ఫైలు తీశాను. డిశ్చార్జి కాగితాల్లో "యాక్టివేషన్లు: 47" అని, అంటే ఎన్నిసార్లు వేడి పెట్టారో, ఉంది. బొమ్మ లేదు అక్కా.

ఓటీ అక్క:
ఆసుపత్రి రికార్డుల సెక్షన్‌లో అర్జీ పెట్టండి. ఒకసారి వేడి పెట్టిన చోట మళ్లీ ఈ చికిత్స చేయకూడదు. రేపు ఇంకో డాక్టరు మీ గాలిగొట్టంలో ఏం చేయాలన్నా ఆ బొమ్మ అడుగుతాడు. మూడు సిట్టింగ్‌లవీ అడగండి. ఒకటిచ్చి పంపిస్తే తీసుకుని వచ్చేయకండి.