4294967297: పైథాన్‌లో 1, సీలో 0. ఏది నమ్మాలి?

సున్నచుట్టి:
2^32 + 1, అంటే 429 కోట్ల చిల్లర. ఇది ప్రధాన సంఖ్యేనా అని బేస్ 2తో ఫెర్మా పరీక్ష పెట్టాను. 2తో మొదలుపెట్టి 32 సార్లు వర్గం చేస్తూ, ప్రతిసారీ శేషమే ఉంచుకోవాలి. పైథాన్‌లో చివరికి 1 వచ్చింది, అంటే పాస్. అదే లెక్క సీలో 64 బిట్ల అన్‌సైన్డ్‌తో (రుణ సంఖ్యలు లేని రకం) రాస్తే 0 వస్తోంది. చేత్తో తేల్చే దారేమైనా ఉందా?

బిట్లబండి:
0 రావడమే తప్పుకి గుర్తండీ. 2 ఘాతాన్ని బేసి సంఖ్యతో భాగిస్తే శేషం సున్నా ఎలా అవుతుంది?

వరస చూడండి: 2, 4, 16, 256, 65536, ఆపైన 4294967296. ఇది మన సంఖ్యకి ఒకటి తక్కువ కాబట్టి శేషంగా అలాగే మిగులుతుంది. దాని వర్గం సరిగ్గా 2^64. 64 బిట్లలో పట్టేది 2^64 - 1 వరకే. ఒక్కటి తేడాతో పొర్లి సున్నా అయింది, అక్కణ్ణుంచి అన్నీ సున్నాలే. మిగతా ఏ శేషం వర్గమైనా ఇందులో పడుతుంది, ఈ ఒక్కటే పట్టదు. సరిగ్గా అదే తగిలింది మీకు! గుణకారం 128 బిట్లలో చేసి, శేషం తీశాక 64కి దించండి.

శేషాచలం_లెక్కలు:
పైథాన్ లెక్క సరైనదే. కానీ పాసైనంత మాత్రాన ప్రధాన సంఖ్య అయిపోదు. 2^32 శేషం ఇక్కడ -1తో సమానం. వర్గం చేస్తే 1, ఇక ఎన్నిసార్లు చేసినా 1. ఫెర్మా సంఖ్యలన్నీ (2^(2^n) + 1 రూపంలోవి, మీది n = 5) బేస్ 2కి ఇలాగే పాసవుతాయి. ఇంతకన్నా గట్టిదైన మిల్లర్-రాబిన్ పరీక్ష పెట్టినా 2తో అయితే ఇదే కథ.

బేస్ 3 పెట్టండి. 31 వర్గాల తర్వాత 10324303 రావాలి, 32వ వర్గానికి 3029026160. 1 కాదు కాబట్టి సంయుక్త సంఖ్య. ఫెర్మా సంఖ్యల కోసమే ఉన్న పెపాన్ పరీక్షయితే 31 దగ్గరే తేల్చేస్తుంది: అక్కడ 4294967296 రాకపోతే ప్రధాన సంఖ్య కాదు.

పలకాబలపం:
చేత్తో కావాలంటే ఇదిగో. దీన్ని ప్రధాన సంఖ్యే అనుకున్నది ఫెర్మా. 1732లో ఆయిలర్ 641తో భాగించి చూపించాడు. దీని ప్రధాన కారణాంకాలన్నీ 128క + 1 రూపంలోనే ఉంటాయి (క ఏదో ఒక పూర్ణ సంఖ్య; ఇది లూకా ఫలితం). 129, 385, 513 ప్రధాన సంఖ్యలు కావు, 257 పనికిరాదు. ఆ తర్వాతిదే 641.

అసలు భాగహారమే అక్కర్లేదు. 641 = 5×2^7 + 1, కాబట్టి 5×2^7 శేషం -1. నాలుగో ఘాతం తీస్తే 5^4 × 2^28 శేషం 1. ఇటు 641 = 625 + 16, అంటే 5^4 బదులు -2^4 రాయొచ్చు. -2^32 శేషం 1, కాబట్టి 2^32 + 1 శేషం సున్నా. ఎంత ముచ్చటైన లెక్కో!

భాగఫలం 6700417. దాని వర్గమూలం 2588 పైచిలుకు. ఆ లోపు అదే రూపంలో ఉన్న ప్రధాన సంఖ్యలు 257 కాక 641, 769, 1153, 1409 మాత్రమే. శేషాలు వరసగా 44, 120, 334, 622. కాబట్టి 6700417 ప్రధాన సంఖ్యే.

సున్నచుట్టి:
128 బిట్లకి మార్చాక సీలోనూ 1 వచ్చింది, 3తో 3029026160. 257 ఎందుకు పనికిరాదు?

పలకాబలపం:
257 = 2^8 + 1 కదా. అక్కడ 2^8 శేషం -1, దాని నాలుగో ఘాతమైన 2^32 శేషం 1. మీ సంఖ్యకి శేషం 2 మిగులుతుంది.