బిరుదు 'ఒప్పుకున్నా, అడిగినా, పుచ్చుకున్నా'... ఆ నాలుగో మాట ఏమిటి?

విజయనగరం నుంచి: మూడు రోజులుగా ఒక వాక్యం నన్ను వదలడం లేదు. మా నాన్నగారు ప్లీడరు. బాల్టిమోర్ అమ్మాయి ఎలిజబెత్ ప్యాటర్సన్ 1803లో నెపోలియన్ తమ్ముడు జెరోమ్‌ను పెళ్లాడిన కథ చెప్పి, 1810లో అమెరికా కాంగ్రెస్ ఆమోదించిన రాజ్యాంగ సవరణను తన తెలుగులో ఇలా చెప్పేవారు: 'ఏ చక్రవర్తి దగ్గరగానీ రాజు దగ్గరగానీ బిరుదు ఒప్పుకున్నా, అడిగినా, పుచ్చుకున్నా,' తర్వాత ఇంకో మాట, 'వాడు పౌరుడు కాడు, ఏ పదవికీ పనికిరాడు.' ఆ ఇంకో మాట 'అట్టి' అని మొదలవుతుందనిపిస్తోంది. ఎవరికైనా తడుతుందా?

తెనాలి లాయరు: 'అట్టిపెట్టుకున్నా' అయి ఉంటుందండీ. మూలంలో నాలుగో క్రియ అర్థం అదే. బిరుదు దగ్గర ఆ నాలుగింటి మధ్య 'లేదా' ఉంది, ఏ ఒక్కటి చేసినా చాలు. కానుక, పింఛను దగ్గరికొస్తే 'మరియు' పడింది. కాంగ్రెస్ అనుమతి లేకుండా తీసుకోవాలి, అట్టిపెట్టుకోవాలి కూడా. నెపోలియన్ ఆ పెళ్లిని ఒప్పుకోలేదు కానీ ఆవిడకు పింఛను ఇచ్చాడు. ఆ 'మరియు' చూసినప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొస్తుంది. సవరణ 12 రాష్ట్రాల ఆమోదంతో ఆగిపోయింది. గడువు పెట్టలేదు కనుక ఇప్పటికీ పెండింగే.

రాజమండ్రి మేష్టారు: 'అట్టి' కాదు, 'అట్టే'. 'అట్లే' నుంచి వచ్చింది. ఉన్నదాన్ని ఉన్నట్టే ఉండనివ్వడం. 'అట్టి' అంటే 'అటువంటి' అని అర్థం వచ్చి వాక్యం చెడుతుంది.

విజయనగరం నుంచి: మేష్టారూ, మా ఇంట్లో అందరం 'అట్టిపెట్టు' అనే అంటాం. 'ఓ ముద్ద అట్టిపెట్టమ్మా, తమ్ముడొస్తాడు' అనేది మా నాయనమ్మ.

రాజమండ్రి మేష్టారు: పలుకుబడిలో 'టే' అరిగి 'టి' అయింది. మూలం మాత్రం అట్టే.

కరీంనగర్ నుంచి: ఇంత దూరం ఎందుకు సార్, 'ఉంచుకున్నా' అంటే సరిపోదా?

రాజమండ్రి మేష్టారు: పెళ్లి సంగతి నడుస్తుండగా ఏ పెద్దమనిషీ 'ఉంచుకున్నా' అనడు నాయనా. ఆ మాటకు వేరే అర్థం ఉంది. వాళ్ల నాన్నగారు కావాలనే ఆ మాట తప్పించి ఉంటారు.

హైదరాబాద్ నుంచి, రిటైర్డ్ లైబ్రేరియన్: నన్నడిగితే అసలు చిక్కు మూడో మాటలో ఉంది. పెళ్లితో వచ్చిన బిరుదును 'పుచ్చుకున్నది' అనవచ్చా? టర్కీ చివరి ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్ 1931లో నీస్‌లో పెళ్లై నిజాం పెద్ద కోడలిగా వచ్చింది. 1936లో భర్తకు బేరార్ యువరాజు బిరుదు వస్తే తను బేరార్ యువరాణి అయింది. ఆ పేరు ఆవిడకు సంక్రమించింది. పుచ్చుకోవాలంటే చెయ్యి చాపాలి కదా. దానం పుచ్చుకుంటాం, తాంబూలం పుచ్చుకుంటాం, సెలవు పుచ్చుకుంటాం.

తెనాలి లాయరు: అమ్మా, మన రాజ్యాంగం 18వ అధికరణంలో ఉన్నది ఒక్క క్రియే. విదేశీ రాజ్యం నుంచి పౌరులెవరూ బిరుదు స్వీకరించరాదు, అంతే. అడగడం, అట్టిపెట్టుకోవడం అందులో లేవు. చట్టసభ సభ్యత్వానికి అడ్డం వచ్చేది 102వ అధికరణం. అందులో విదేశీ పౌరసత్వం తీసుకోవడం, విదేశానికి విధేయత ఒప్పుకోవడం ఉన్నాయి కానీ పెళ్లి మాట ఎక్కడా లేదు. కశ్మీర్ యువరాజు కరణ్‌సింగ్ 1950లో నేపాల్ రాణాల ఇంటి పిల్లను చేసుకున్నారు, 1967లో ఉధంపూర్ నుంచి లోక్‌సభకు గెలిచారు.

రాజమండ్రి మేష్టారు: రాణాలు రాజులు కారు లాయరుగారూ, ప్రధానుల వంశం. నేపాల్‌ను ఏలిన రాజులు షా వంశంవాళ్లు.

తెనాలి లాయరు: నిజమే. మహారాజు బిరుదు మాత్రం రాణాలకూ ఉండేది. మన చర్చ బిరుదు గురించే కదా.

నెల్లూరు నుంచి: 'ఇచ్చిపుచ్చుకోవడం' అన్న మాట ఎవరికీ గుర్తు రాలేదా? 'వాళ్లకూ మాకూ ఇచ్చిపుచ్చుకోవడాలున్నాయి' అంటే పిల్లనివ్వడం, పిల్లను తెచ్చుకోవడం. తెలుగులో పెళ్లి జరిగిందంటే పుచ్చుకోవడం జరిగినట్టే. పైగా 'పుచ్చు' అంటే పంపడం, గడపడం. పొద్దుపుచ్చడంలో ఉన్నది అదే. దానికి 'కొను' చేరితే తన వైపు రప్పించుకోవడం అవుతుంది, ఇది నా ఊహ. ఎలిజబెత్ విషయంలో ఆ ప్లీడరుగారు ఈ మాట వాడటం నాకు ఎంతో నచ్చింది.

రాజమండ్రి మేష్టారు: ఇచ్చి, పుచ్చుకొని. రెండూ పోతన పద్యంలో ఉన్నాయి! 'ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి పురంబులు వాహనంబులున్, సొమ్ములు గొన్ని పుచ్చుకొని'. రాజు దగ్గర పుచ్చుకుంటే ఏం పోతుందో అంతకన్నా బాగా చెప్పినవాడు లేడు. ఆ 'కిచ్చి'ని కదపలేం, పదో అక్షరంలోని 'ఇ' మీదే యతి నిలిచింది.

నెల్లూరు నుంచి: తర్వాత మత్తెక్కి అనే అర్థంలో వచ్చే మాటను మీరు 'చొక్కి' చదువుతారా, 'సొక్కి' చదువుతారా?

రాజమండ్రి మేష్టారు: చొక్కి.

హైదరాబాద్ నుంచి, రిటైర్డ్ లైబ్రేరియన్: నేను చిన్నప్పటి నుంచీ 'సొక్కి' అనే చదివాను. 'సొమ్ములు'తో మొదలైన పాదం, పదో అక్షరం కూడా 'సొ' అయితే చెవికి హాయిగా ఉంటుంది.

రాజమండ్రి మేష్టారు: చ, స లకు యతిమైత్రి ఉంది కనుక ఛందస్సు ఇద్దరినీ ఒప్పుకుంటుందమ్మా. కానీ 'పుచ్చుకొని చొక్కి' అన్నప్పుడు చకారం మీద చకారం పడి, ఆ మత్తు నాలుకకు తెలుస్తుంది. దాన్ని నేను వదులుకోలేను.

తెనాలి లాయరు: ఒక్క మాట. ఎలిజబెత్ మనవడు చార్లెస్ బోనపార్ట్ 1906లో అమెరికా అటార్నీ జనరల్ అయ్యాడు. పదవి ఇంటికే వచ్చింది.

విజయనగరం నుంచి: నాన్నగారి డైరీలు అటక మీదున్నాయి, ఆదివారం దింపుతాను. 'అట్టి'యో 'అట్టే'యో ఆయన చేత్తో రాసింది దొరికితే ఫొటో పెడతాను. ఆయన కూడా 'సొక్కి' అనే చదివేవారు మేష్టారూ.

రాజమండ్రి మేష్టారు: ఆ పద్యం రాసుకున్న పేజీ ఉంటే ముందు అది పెట్టు నాయనా.