షోరూమ్‌లో 1,40,000 ఇస్తామంటున్నారు. 2013 వ్యాగనార్ ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చేయాలా, బాగు చేయించుకుని ఉంచుకోవాలా?

బ్రాడీపేట_నాలుగోలైను (గుంటూరు)

నమస్కారం అండీ. మాది 2013 వ్యాగనార్, పెట్రోల్, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. మొదటి నుంచీ మా ఇంట్లోనే ఉంది. పోయిన వారం సర్వీసుకి ఇస్తే 48,000 ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. క్లచ్ సెట్టు, ముందు సస్పెన్షన్, ఏసీ కండెన్సర్, నాలుగు టైర్లు, ఇంజెక్టర్ క్లీనింగ్, ఇంకా ఏవేవో ఉన్నాయి. నేను కాగితం చూస్తుండగానే సేల్స్ అబ్బాయి వచ్చి, "ఈ బండి మీద ఇంత పెట్టడం దండగ సార్. ఎక్స్‌చేంజ్‌లో 1,40,000 ఇప్పిస్తా. ఎలాగూ 15 ఏళ్లు నిండితే తుక్కుకే వెళ్లాలి" అన్నాడు.

కొత్తది ఆన్‌రోడ్ 7,60,000. 5 లక్షలు లోను పెట్టాలి. నేను టీచర్ని. బడికి పోనూ రానూ 22 కిలోమీటర్లు, ఏడాదికోసారి తిరుపతి, మధ్యలో పెళ్లిళ్లు. ఎండాకాలమంతా ఏసీ లేక పిల్లలు ఇబ్బంది పడ్డారని మా ఆవిడ మార్చేద్దామంటోంది. ఈ బండి మమ్మల్ని ఒక్కసారి కూడా దారిలో ఆపలేదు, అందుకే నాకు చెయ్యి రావట్లేదు. ఇలాంటిది ఎదురైనవాళ్లు చెప్పండి.

నిజాంపేట్_శ్రీను (హైదరాబాద్)

సార్, ముందు ఆ 1,40,000ని విడగొట్టి రాసిమ్మనండి. అందులో బండి ధర ఎంత, ఎక్స్‌చేంజ్ బోనస్ ఎంత? బోనస్ కంపెనీది, బండి కొనేది షోరూమ్. రెండూ కలిపి ఒక్క అంకె చెప్తే మన బండికి మంచి రేటు వచ్చినట్టు అనిపిస్తుంది.

2023లో నాకు జరిగింది చెప్తా. పాత బండికి మొదట 2,10,000 అన్నారు. గంటసేపు బేరమాడితే 2,40,000కి వచ్చారు. సంతోషంగా ఇంటికొచ్చి రెండు కోటేషన్లూ పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటిదాంట్లో ఉన్న 30,000 క్యాష్ డిస్కౌంట్ రెండోదాంట్లో లేదు. అప్పటి నుంచి ఎవరడిగినా ఒకటే చెప్తున్నా. పాత బండి ఇస్తే ఎంత కట్టాలి, ఇవ్వకపోతే ఎంత కట్టాలి, రెండు కోటేషన్లు తీసుకోండి. ఆ రెండిటి మధ్య తేడానే మీ బండికి వాళ్లు నిజంగా ఇస్తున్న ధర.

చివరికి నేను బయట 2,65,000కి అమ్మాను. బోనస్ కూడా పోలేదు. కొన్నాయన పేరు మీదకి మారిన ఆర్సీ కాపీ చూపిస్తే షోరూమ్‌లో ఇచ్చారు. అందరూ ఒప్పుకోరు, బుక్ చేసే ముందే అడిగి రాయించుకోండి.

ఇంకోటి, నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ఇన్సూరెన్స్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. అది బండిది కాదు, మీది. వరసగా అయిదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతం దాకా ఉంటుంది. పాత బండి ఇచ్చేటప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర లెటర్ తీసుకుంటే మూడేళ్ల లోపు కొత్త బండి పాలసీకి వాడుకోవచ్చు. షోరూమ్ వాళ్లు దీన్ని కూడా తాము ఇస్తున్న డిస్కౌంట్‌లా చూపించబోయారు నాకు.

ఆటోనగర్_స్పేర్స్ (విజయవాడ)

మాది స్పేర్ పార్టుల షాపు, నాన్నగారి కాలం నుంచీ ఆటోనగర్‌లోనే. మాస్టారూ, ముందు 15 ఏళ్ల సంగతి. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ బళ్ల మీద వచ్చిన ఆంక్షల్ని ఇక్కడ చెప్పి భయపెడుతున్నారు. మనకి 15 ఏళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి ఆర్సీని ఇంకో 5 ఏళ్లకి రెన్యువల్ చేయించుకోవచ్చు. 2022 ఏప్రిల్‌కి ముందు కారుకి ఆ ఫీజు 600 ఉండేది, అప్పటి నుంచి 5,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. మీకు 2028 దాకా ఆ గొడవే లేదు.

ఇక ఎస్టిమేట్. అందులోంచి టైర్లు తీసి పక్కన పెట్టండి. ఏ బండికైనా టైర్లు అరుగుతాయి, అది రిపేరు కాదు. క్లచ్ నిజంగా పోయిందా? నాలుగో గేరులో 40 మీద వెళ్తూ ఒక్కసారి గట్టిగా యాక్సిలరేటర్ తొక్కండి. ఇంజిన్ అరుపు పెరిగి బండి వేగం పెరగకపోతే ప్లేటు జారుతున్నట్టే. అలా లేకపోతే ఇంకొన్నాళ్లు ఆగొచ్చు. ముందు సస్పెన్షన్ అంటే చాలాసార్లు లింకు రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లతో పోతుంది, మొత్తం సెట్టు మార్చక్కర్లేదు. కండెన్సర్‌కి లీకు ఎక్కడుందో చూపించమనండి, చూపించాకే మార్పించండి.

పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్లోంచి నీలం పొగ వస్తోందా? సర్వీసుకీ సర్వీసుకీ మధ్య ఆయిల్ తగ్గుతోందా? ఈ రెండూ లేకపోతే ఆ ఇంజిన్‌కి చాలా ఆయుష్షు ఉంది. మీ ఇంజిన్‌కి టైమింగ్ చైన్ కాబట్టి బెల్టు మార్చే ఖర్చూ లేదు. పాత బండి కదా, 20 శాతం ఇథనాల్ పెట్రోల్ వస్తున్నప్పుడు ఇంధనం వెళ్లే రబ్బరు గొట్టాలు మాత్రం ఒకసారి మార్పించేయండి. నేను మా నాన్నగారి బండికి అదే చేశాను.

లాసన్స్‌బే_గాలి (విశాఖపట్నం)

పైన చెప్పినవన్నీ నిజమే, కానీ నా కథ కూడా వినండి. సముద్రానికి దగ్గర్లో ఉంటాం. మా 2010 బండి ఇంజిన్ చివరిదాకా బాగుంది, అది చూసే మోసపోయాను. తలుపుల కింద తుప్పుకి 18,000 పెట్టించాను. ఆర్నెల్లు తిరక్కుండా కాళ్ల కింద ఫ్లోర్. తర్వాత ఒకరోజు టైరు మార్చడానికి జాకీ పెట్టి లేపుతుంటే బండి లేవలేదు, జాకీయే బాడీలోకి దిగిపోయింది. ఆ రోజు మా అమ్మాయి లోపల కూర్చుని ఉంది. అప్పటికి రెండేళ్లలో 74,000 అయ్యాయి. 45,000కి ఇచ్చేశాను.

క్లచ్చులు, బుష్‌లు మార్చుకుంటే అయిపోతుంది. తుప్పు అలా కాదు. కార్పెట్ ఎత్తి చూడండి, జాకీ పెట్టే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. గుంటూరు కాబట్టి మీకు బాగుండొచ్చు, అయినా చూడకుండా రూపాయి పెట్టొద్దు.

మానేరు_లత (కరీంనగర్)

ఇచ్చేద్దామనుకుంటే ఒక్క ముచ్చట యాదుంచుకోండి సార్. మా పాత బండిని ఎక్స్‌చేంజ్‌ల ఇచ్చినం. సంతకాలు పెట్టి, తాళాలిచ్చి వచ్చినం. ఏడు నెలలు నా ఫోనుకు చలాన్లు వచ్చినయ్. షోరూమోళ్లు ఇంకో వ్యాపారికి అమ్మిన్రట, ఆయన ఇంకెవరికో. ఆర్సీ మాత్రం నా పేరు మీదనే ఉన్నది. చలాన్లంటే కట్టొచ్చు. ఆ బండి ఎవరినన్న గుద్దితే? 2018ల సుప్రీంకోర్టు చెప్పిన దాని ప్రకారం రికార్డుల ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, నష్టపరిహారం వాళ్ల మీద పడ్తది. అది తెలిసినంక నాకు నిద్ర పట్టలేదు.

2023 ఏప్రిల్ నుంచి గుర్తింపు ఉన్న సెకండ్‌హ్యాండ్ డీలరు బండి తీసుకున్నట్టు ఆర్టీఓకు ఫారం 29సీ పంపే రూలు వచ్చింది. అది పంపించినట్టు కాపీ చేతికి వచ్చినంకనే తాళాలియ్యాలె. తారీఖు, టైము, మీటరు రీడింగు రాసిన డెలివరీ కాగితం తీసుకోండి. ఫాస్టాగ్ పీకేసి క్లోజ్ చేయించండి.

మా తెలంగాణల ఇంకో మెలిక. పాత బండి పేరు మారకముందే కొత్తది రిజిస్టర్ చేస్తే రెండో బండి లెక్కల లైఫ్ ట్యాక్స్ 2 శాతం ఎక్కువ పడ్తది. మా ఆఫీసుల ఒక సారు కట్టిండు.

అనంత_రహదారి (అనంతపురం)

అందరూ డబ్బు లెక్కే చెబుతున్నారు. నేను పోయినేడాది మార్చేశాను, నష్టానికే ఇచ్చాను, అయినా బాధ లేదు. నాది 2012 బండి, ఎయిర్‌బ్యాగులు లేవు, బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు. డ్రైవర్‌కి ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచి గానీ తప్పనిసరి కాలేదు. నెలకి రెండుసార్లు బెంగళూరు హైవే మీద భార్యాపిల్లలతో వెళ్తాను. ఒక రాత్రి పెనుకొండ దగ్గర లారీ సడన్‌గా ఆగితే బ్రేకులు బిగుసుకుని బండి పక్కకి జారింది. ఎవరికీ ఏమీ కాలేదు. పొద్దున్నే షోరూమ్‌కి వెళ్లాను. మాస్టారు ఊళ్లోనే తిరుగుతారు కాబట్టి నా కారణం ఆయనకి అంతగా వర్తించదేమో, కానీ తిరుపతి ప్రయాణం గురించి ఆలోచించాలి.

నిజాంపేట్_శ్రీను (హైదరాబాద్)

లోను లెక్క కూడా వేశాను సార్. 5 లక్షలు, 9 శాతం, అయిదేళ్లు అంటే నెలకి దాదాపు 10,380. మొత్తం మీద వడ్డీయే 1,22,000 పైన. మీ 48,000ని బండి ధరతో పోల్చకండి, ఏడాది కిస్తీలతో పోల్చండి. అవి 1,24,000 దాటుతాయి. 2025 సెప్టెంబర్ 22న చిన్న కార్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గాక పాత బళ్ల రేట్లు కూడా దిగాయి. మా బావమరిదికి ఆగస్టులో చెప్పిన ధర అక్టోబర్‌లో 20,000 తక్కువైంది. అమ్మేవాళ్లకి మంచి రోజులు కావు.

బ్రాడీపేట_నాలుగోలైను (గుంటూరు)

అందరికీ ధన్యవాదాలు. పది రోజులు తిరిగి ఇప్పుడు రాస్తున్నాను.

శ్రీను గారు చెప్పినట్టు విడగొట్టి రాయించాను. బండికి 1,00,000, ఎక్స్‌చేంజ్ బోనస్ 25,000, మిగతా 15,000 ఎవరికైనా ఇచ్చే క్యాష్ డిస్కౌంటే. మా బడిలో ఒకాయన 1,35,000కి తీసుకుంటానని తనే అడిగారు. కార్పెట్ ఎత్తించి చూశాను, తుప్పు లేదు. పొగ లేదు. క్లచ్ పరీక్ష చేశాను, కొంచెం జారుతోంది, మార్పించాను. ఏసీలో కండెన్సర్ బాగానే ఉంది, గొట్టం జాయింటు దగ్గర లీకు. టైర్లు కాకుండా మొత్తం 14,600 అయింది. నిన్న ఏసీ వేసుకుని మంగళగిరి వెళ్లొచ్చాం, మా ఆవిడ ఏమీ అనలేదు.

అనంతపురం సార్ మాట మాత్రం మనసులో ఉండిపోయింది. ఇక తిరుపతికి రైల్లోనే. కిస్తీ కట్టాననుకుని నెలకి 10,000 పోస్టాఫీసు ఆర్‌డీలో వేయడం మొదలుపెట్టాను. ఆర్సీ గడువు దాకా, రెండేళ్లకి 2,40,000 అవుతాయి. అప్పుడు ఎయిర్‌బ్యాగులున్న బండి తక్కువ లోనుతో తీసుకుంటాం.

ఒక సందేహం. టైర్లు ఈ వారం వేయిస్తున్నాను. షాపులో రెండు కొత్తవి, రెండు "స్టాకులో ఉన్నవి" తక్కువకి ఇస్తానంటున్నారు. తీసుకోవచ్చా?

ఆటోనగర్_స్పేర్స్ (విజయవాడ)

టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి మాస్టారూ, కోడిగుడ్డు ఆకారపు గడిలో. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 1422 అని ఉంటే 2022లో 14వ వారం అన్నమాట. మీది నెమ్మదిగా అరిగే వాడకం, రబ్బరు పాతబడటమే ముందు జరుగుతుంది. రెండేళ్లు దాటినవి ఎంత తక్కువకిచ్చినా వద్దు. నాలుగూ ఒకేసారి కొననక్కర్లేదు, ఇప్పటికి రెండు వేయించి మిగతావి మూడు నెలలాగి చూడండి.