మా అమ్మాయి గోలీ: అబ్బాయిల టీమ్‌లోనే ఉంచాలా, అమ్మాయిల టీమ్‌కి మార్చాలా?

మిస్సిసాగా నాన్న:
అందరికీ నమస్కారం. మా పాపకి పదమూడేళ్లు. ఐస్ హాకీలో గోలీ, అంటే గోల్ కీపర్. చిన్నప్పుడు టీమ్‌లో ఎవరూ గోల్‌లో నిలబడకపోతే తను నిలబడింది, ఇక ఆ ప్యాడ్స్ వదల్లేదు. టీవీ ముందు కూడా కుదురుగా కూర్చోదు, గోడకి టెన్నిస్ బంతి కొట్టి పట్టుకుంటూనే ఉంటుంది. ఇప్పటిదాకా అబ్బాయిల టీమ్‌లోనే ఆడింది. వచ్చే సీజన్ నుంచి అండర్-15. అబ్బాయిల పోటీ టీమ్‌లలో ఒంటితో గుద్ది పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) లాక్కునే బాడీ చెకింగ్ ఇక్కడే మొదలవుతుంది. అమ్మాయిల హాకీలో అది ఉండదు. అందుకే మా ఆవిడ ఇక మార్చేద్దామంటోంది. పాప ససేమిరా అంటోంది. ట్రైఅవుట్స్, అంటే టీమ్ సెలెక్షన్లు, దగ్గర పడుతున్నాయి. మీరైతే ఏం చేస్తారు?

కాల్గరీ అక్క:
మీ ఆవిడ మాటే రైటు తమ్ముడూ. గోలీని గుద్దితే పెనాల్టీ ఇస్తారు, నిజమే. కానీ ఇచ్చేది గుద్దిన తర్వాత కదా! నెట్ దగ్గర ఒకడు ఇంకొకణ్ణి తోస్తే ఇద్దరూ కలిసి వచ్చి పడేది గోలీ మీదే. పైగా ఈ వయసు అబ్బాయిలు ఒక్క సమ్మర్‌లో తాడెత్తు ఎదిగి వస్తారు.

మిన్నెసోటా బాబాయ్:
నేను ఒప్పుకోను. 2018 ఒలింపిక్స్ ఫైనల్లో షూటౌట్‌లో కెనడాని ఆపి అమెరికాకి గోల్డ్ తెచ్చిపెట్టిన మ్యాడీ రూనీ హైస్కూల్ ఆఖరి ఏడాది మా ఆండోవర్‌లో అబ్బాయిల టీమ్‌కే గోలీ. ఒలింపిక్స్ నాటికి ఆమెకి 20 ఏళ్లే. గోలీ ఎదిగేది మీదికొచ్చే షాట్లతోనే. అబ్బాయిల షాట్‌కి వేగం ఎక్కువ, స్టిక్ నుంచి వదలడం కూడా చప్పున వదులుతారు. ఆ వేగానికి కన్ను అలవాటు పడాలి. ఫార్వర్డ్ ఆడే అమ్మాయికి చెప్పే సలహా గోలీకి చెప్తే ఎలా?

కాల్గరీ అక్క:
ఒక్క రూనీని చూపిస్తే సరా? మధ్యలో మానేసిన పిల్లల గురించి ఎవరు రాస్తారు? 1992లో మనాన్ రియోమ్ అనే అమ్మాయి టాంపా బే తరఫున మగవాళ్ల ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్ఎల్ ప్రీ-సీజన్ మ్యాచ్‌లో గోల్‌లో నిలబడిందంటే, అప్పటికి ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల ఐస్ హాకీయే లేదు, 1998లో గానీ రాలేదు. ఇప్పుడు పీడబ్ల్యూహెచ్ఎల్ అని సొంత ప్రొఫెషనల్ లీగే ఉంది. 2024 జనవరి 1న టొరంటోలో జరిగిన మొట్టమొదటి మ్యాచ్‌లో న్యూయార్క్ గోలీ కోరిన్ ష్రోడర్ ఒక్క గోల్ కూడా పడనివ్వలేదు, 4-0. అమ్మాయిల దారి ఇంత చక్కగా ఉంటే మగపిల్లల మధ్య ఎందుకు?

మిన్నెసోటా బాబాయ్:
రూనీ వేరే దారి లేక ఆడలేదమ్మా. మా స్టేట్‌లో అమ్మాయిల హైస్కూల్ టీమ్‌లు బోలెడు.

విజయవాడ తాతయ్య:
అసలు ఆడపిల్లకి ఆ రబ్బరు ముక్కతో దెబ్బలు తినే ఖర్మ ఏమిటి బాబూ? సింధులా షటిల్ ఆడించండి.

స్కార్‌బరో సుబ్బు:
తాతగారూ, ప్రశ్న అది కాదు లెండి. 😀
టీమ్ వాళ్లు అమ్మాయి అని వద్దంటారేమోనన్న భయం ఉంటే మాత్రం వదిలేయండి అన్నా. జస్టిన్ బ్లేనీ అనే అమ్మాయిని అబ్బాయిల టీమ్‌లో ఆడనివ్వకపోతే కోర్టుకెళ్లింది. 1986లో ఒంటారియో అప్పీల్ కోర్టు ఆమె పక్షానే తీర్పు ఇచ్చింది. అలాగని హక్కు ఉంది కాబట్టి వెళ్లి తీరాలనీ కాదు.

ఎడ్మంటన్ గోలీ:
అంకుల్, నేనూ గోలీనే. పదహారేళ్లు వచ్చేదాకా అబ్బాయిలతో ఆడి తర్వాత మారాను. ఇక్కడ అందరూ గుద్దడం గురించే మాట్లాడుతున్నారు. నాకు కష్టమైంది డ్రెస్సింగ్ రూమ్. రిఫరీల గది పక్కన చిన్న గదిలో ఒక్కదాన్నే కూర్చుని ప్యాడ్స్ పట్టీలు బిగించుకునేదాన్ని. కోచ్ మాట్లాడే ముందు పిలిచేవారు. నేను వెళ్లేసరికి వాళ్లు దేనికో నవ్వుకోవడం అయిపోయి ఉండేది. ఇప్పుడు షార్ట్స్, టీషర్ట్ లోపల వేసుకునే రావాలని హాకీ కెనడా రూలు పెట్టింది కాబట్టి కాస్త నయం, కలిసే కూర్చోవచ్చు. మీ టీమ్‌లో అది నిజంగా జరుగుతోందా, పాపని అడగండి.

రెండోది, ఎన్ని మ్యాచ్‌లు ఆడిస్తారో కోచ్‌తో ముందే తేల్చుకోండి. పెద్ద టీమ్‌లో రెండో గోలీ అంటే టోపీ పెట్టుకుని బెంచీ తలుపు తీసి వేసే ఉద్యోగం. నేను చేశాను, షాట్ వేగం అక్కడ కూర్చుంటే తెలియదు. అలాగే అమ్మాయిల టీమ్ మరీ గట్టిదైతే పక్ మన వైపు రానే రాదు, నిలబడి నిలబడి చలేస్తుంది. నన్నడిగితే, ఎవరి టీమ్ అయినా సరే, కాస్త ఓడిపోయే టీమ్‌లో మొదటి గోలీగా ఉండటం మంచిది. వేగం కోసం సమ్మర్‌లో అబ్బాయిలతో ప్రాక్టీస్ చేయించండి. గోలీలు ఎప్పుడూ తక్కువే, ఎవరైనా పిలుస్తారు.

ఇంకో మాట, ఆంటీకి చెప్పండి. గోలీకి అసలు భయం తుంటి కీళ్లతో. మోకాళ్లు ఐస్ మీద ఆనించి కాళ్లు రెండూ పక్కలకి చాపే బటర్‌ఫ్లై రోజూ వందలసార్లు వేస్తాం. గజ్జల్లో నొప్పి అంటే సర్దుకుంటుందిలే అనుకోకండి. ఏడాది పొడుగునా ఆడించకండి.

కాల్గరీ అక్క:
తలుపు సంగతి నాకు తెలియదమ్మా. అయినా నా ఓటు అమ్మాయిల టీమ్‌కే.

మిస్సిసాగా నాన్న:
అందరికీ థాంక్స్. రాత్రి పాపని అడిగాను. తనకి అబ్బాయిలా అమ్మాయిలా అన్న పట్టింపే లేదట. ఇద్దరు డిఫెన్స్ పిల్లలు చిన్నప్పటి నుంచి తన ముందు ఆడుతున్నారు, వాళ్లు ఎటు కదులుతారో చూడకుండానే తెలుస్తుందట. గోల్ పడితే ముందు వాళ్లే వచ్చి ప్యాడ్స్ మీద స్టిక్‌తో తడతారట. అందులో ఒకడి కుటుంబం ఒట్టావా వెళ్లిపోతోంది. ఆ సంగతి తనకి ఇంకా చెప్పలేదు, నా టెన్షన్ నాది. ప్రస్తుతానికి రెండు ట్రైఅవుట్స్‌కీ తీసుకెళ్తున్నాను. మొదటి గోలీగా తీసుకుంటేనే అబ్బాయిల టీమ్ అని మా ఆవిడ షరతు పెట్టింది, పాప కూడా సరేనంది.

టొరంటో చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా 31 అంగుళాల లెగ్ ప్యాడ్స్ సెకండ్‌హ్యాండ్‌లో ఉంటే చెప్పండి. పాతవి పొట్టివైపోయాయి, కొత్తవాటి రేటు చూస్తే గుండె ఆగేలా ఉంది.